జీడీ ఒక్కటేనా? ఆర్మీ ఫారం నింపే ముందు ట్రేడ్ గురించి తేల్చుకోవాల్సినవి

నల్గొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లోనో, మహబూబ్‌నగర్ స్టేడియంలోనో తెల్లవారకముందే పరుగు తీసే పిల్లల్ని ఆపి ‘దేనికి పెట్టినవ్ తమ్మీ?’ అని అడగండి. ఎక్కువగా వినబడే జవాబు ‘జీడీ అన్నా’. అంటే జనరల్ డ్యూటీ. జీడీయే ఎందుకంటే మాత్రం సరైన జవాబు రాదు. దోస్తులంతా అదే పెట్టిండ్రని ఒకరు, అకాడమీ సారు చెప్పిండని ఒకరు, నెట్ సెంటరాయన అదే నొక్కిండని ఇంకొకరు. 1.6 కిలోమీటర్ల పరుగులో పది సెకన్లు తగ్గించుకోవడానికి నెలల తరబడి కష్టపడే పిల్లలు, సైన్యంలో తాము చేయబోయే పని ఏమిటన్నది మాత్రం ఫారం నింపే ఆ కాసేపట్లో తేల్చేస్తున్నారు.

అగ్నివీర్ పద్ధతి వచ్చాక ఈ తొందరపాటు వల్ల జరిగే నష్టం పెరిగింది. పాత పద్ధతిలో చేరిన సిపాయి కనీసం 15 ఏళ్లు పనిచేసి పింఛనుతో ఇంటికి వచ్చేవాడు. ఏ పని చేసి వచ్చినా నెలనెలా ఇంత డబ్బు పడేది. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో (ఇందులో చేరినవాళ్లనే అగ్నివీరులంటారు) ట్రైనింగుతో కలిపి సర్వీసు నాలుగేళ్లే. ఆ తర్వాత బ్యాచ్‌లో గరిష్ఠంగా 25 శాతం మందినే రెగ్యులర్‌గా తీసుకుంటారు. మిగతావాళ్లలో చాలామంది పాతికేళ్లు నిండకుండానే ఊరికి తిరిగి వస్తారు. అప్పుడు వాళ్ల దగ్గర ఉండేవి నెలనెలా జీతం నుంచి కోసి కూడబెట్టిన సేవానిధి డబ్బు, నాలుగేళ్లు చేసిన పని. డబ్బు ఏ ట్రేడ్ వాళ్లకైనా ఒకటే. తేడా అంతా పనిలోనే. అందుకే ఏ కేటగిరీలో సీటు తొందరగా దొరుకుతుంది అనే ప్రశ్న కంటే, నాలుగేళ్లు ఏ పని నేర్చుకుని వస్తాను అనే ప్రశ్న ముందు అడగాలని నా గట్టి అభిప్రాయం.

మూడు మెట్లు, మన చేతిలో ఉన్నవి రెండే

పిల్లలు, తల్లిదండ్రులు గందరగోళపడేది ఇక్కడే. మొదటి మెట్టు ఏ దళంలో చేరాలన్నది: ఆర్మీయా, నేవీయా, ఎయిర్‌ఫోర్సా. రెండోది ఫారంలో నింపే కేటగిరీ. ఆర్మీలో అయితే జనరల్ డ్యూటీ, టెక్నికల్, క్లర్క్ లేదా స్టోర్ కీపర్ టెక్నికల్, పదో తరగతి మీద ట్రేడ్స్‌మన్, ఎనిమిదో తరగతి మీద ట్రేడ్స్‌మన్. అమ్మాయిలకు మిలిటరీ పోలీసులో జనరల్ డ్యూటీ. మూడోది సెలెక్ట్ అయ్యాక తేలే సంగతి: ఏ రెజిమెంట్‌కు పంపుతారు, అక్కడ ఏ పని అప్పగిస్తారు.

మొదటి రెండూ మన చేతిలో ఉన్నాయి. మూడోది సైన్యం తేలుస్తుంది. మెరిట్, ఖాళీలు, ట్రైనింగ్ సెంటర్‌లో పెట్టే పరీక్షలు, అప్పటి అవసరం చూసుకుని నిర్ణయిస్తారు. అగ్నివీర్‌ను ఏ రెజిమెంట్‌కైనా, ఏ యూనిట్‌కైనా పంపవచ్చని, అవసరాన్ని బట్టి మార్చవచ్చని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. కాబట్టి ‘నాకు మద్రాస్ రెజిమెంటే కావాలె’, ‘సికింద్రాబాద్‌లోనే పోస్టింగ్ ఇప్పిస్తాం’ అనే మాటలు ఎవరు చెప్పినా నమ్మొద్దు. పైసలు తీసుకుని ట్రేడ్ ఇప్పిస్తామనేవాళ్లు కచ్చితంగా దళారులే.

మన చేతిలో లేని మూడో మెట్టు గురించి పిల్లలు గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. చేతిలో ఉన్న రెండో మెట్టును మాత్రం నెట్ సెంటర్‌కు వదిలేస్తారు.

2025 నోటిఫికేషన్ నుంచి ఒకే అభ్యర్థి రెండు కేటగిరీలకు దరఖాస్తు పెట్టుకునే వీలు వచ్చింది. ఏది మొదటి ఇష్టం, ఏది రెండోది అన్నదీ చెప్పుకోవచ్చు. రాతపరీక్ష తెలుగులో కూడా రాసుకోవచ్చు. ఇది చిన్న మార్పేమీ కాదు. ఇంతకుముందు టెక్నికల్‌కు పెడితే జీడీ పోతుందని భయపడి చాలామంది జీడీకే కట్టుబడేవారు. ఇప్పుడు ఎంపీసీ చదివిన పిల్లవాడు టెక్నికల్ మొదట, జీడీ రెండోదిగా పెట్టుకోవచ్చు. సీఈసీలో మంచి మార్కులు ఉన్నవాళ్లు క్లర్క్ మొదట, జీడీ తర్వాత. పదో తరగతితో ఆపేసి చేతిలో ఏదో ఒక పని ఉన్న అబ్బాయి జీడీ, ట్రేడ్స్‌మన్. ఈ అవకాశం ఉందని తెలియక ఒక్క జీడీతోనే సరిపెట్టుకుంటే నష్టం మనదే.

ముందు మెమోలు తీయండి

ఇష్టాయిష్టాల కంటే ముందు మార్కుల మెమోలు బల్ల మీద పెట్టుకోవాలి. పాస్ అయ్యామా లేదా అన్నది ఒక లెక్క, ఆర్మీకి పనికొస్తామా లేదా అన్నది ఇంకో లెక్క. ఈ రెండింటి మధ్య సందులోనే మన పిల్లలు ఎక్కువగా పడిపోతారు.

జీడీకి పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 శాతం ఉండాలి. మన పదో తరగతిలో రెండో భాష హిందీకి 20 మార్కులు వచ్చినా పాసే. దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ భాష మాట్లాడుతూ పెరిగి, బడిలో తెలుగు నేర్చుకుని, ఆ పైన హిందీ పరీక్ష 24 మార్కులతో గట్టెక్కిన పిల్లవాడిని ఊహించుకోండి. మెమోలో పాస్ అనే ఉంటుంది. నోటిఫికేషన్ మాత్రం ప్రతి సబ్జెక్టులో 33 అంటుంది. ఇలాంటి మెమో ఉన్నవాళ్లు ఏడాది ప్రాక్టీసు చేశాక రిక్రూట్‌మెంట్ ర్యాలీ గ్రౌండ్‌లో తెలుసుకోవడం కంటే, ముందే సికింద్రాబాద్ ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసులో మెమో చూపించి అడగడం మేలు. 

టెక్నికల్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఇంగ్లీష్ ఉండాలి. మొత్తం మీద 50 శాతం, ఒక్కో సబ్జెక్టులో 40 శాతం రావాలి. మన ఇంటర్ బోర్డు పాస్ మార్కు 35 శాతం. మ్యాథ్స్ 36 శాతంతో దాటిన ఎంపీసీ విద్యార్థికి ఇంటర్ సర్టిఫికెట్ వస్తుంది కానీ టెక్నికల్ ఫారం పనికిరాదు. ఇంకా ఇంటర్ చదువుతున్నవాళ్లకు ఇది ఇప్పుడే తెలిస్తే ఆ నాలుగైదు మార్కుల కోసం కూర్చుంటారు. గ్రౌండ్‌లో పెట్టే శ్రద్ధలో కొంత ఆ మ్యాథ్స్ పేపర్ మీద పెట్టినా కేటగిరీయే మారిపోతుంది.

క్లర్క్, స్టోర్ కీపర్‌కు ఇంకా ఎక్కువ కావాలి: ఇంటర్ ఏ గ్రూపైనా సరే, మొత్తం మీద 60 శాతం, ప్రతి సబ్జెక్టులో 50 శాతం. ఇంగ్లీష్‌లో 50 తప్పనిసరి. మ్యాథ్స్ లేదా అకౌంట్స్ లేదా బుక్ కీపింగ్‌లోనూ 50 ఉండాలి. హెచ్ఈసీ, బైపీసీ వాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఈ ఆఖరి షరతు దగ్గరే.

పదో తరగతి తర్వాత ఐటీఐ చేసినవాళ్లకూ టెక్నికల్ దారి తెరిచే ఉంది. పదిలో మొత్తం 50 శాతం, ఇంగ్లీష్, మ్యాథ్స్, సైన్స్‌లో 40 శాతం చొప్పున, నోటిఫికేషన్‌లో ఇచ్చిన జాబితాలోని ట్రేడ్‌లో రెండేళ్ల ఐటీఐ. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, మోటార్ మెకానిక్, ఎలక్ట్రానిక్ మెకానిక్ లాంటివి అందులో ఉంటాయి. పాలిటెక్నిక్ డిప్లొమా కూడా చెల్లుతుంది. పైగా ఐటీఐ, డిప్లొమా ఉన్నవాళ్లకు బోనస్ మార్కులు ఉన్నాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఐటీఐలలో ఎలక్ట్రీషియన్ చేసి కూడా ‘మనది ఇంటర్ కాదు కదా’ అని జీడీకి మాత్రమే ఫారం నింపే పిల్లలు ఉన్నారు. వాళ్లకు ఈ ఒక్క సంగతి చేరినా ఈ వ్యాసం రాసినందుకు ఫలితం దక్కినట్టే.

జీడీలో చేరితే ఏం పని?

జీడీ అంటే రైఫిల్ పట్టుకుని బార్డర్‌లో నిలబడడమే అని అందరి ఊహ. ఇన్‌ఫాంట్రీకి, అంటే పదాతి దళానికి వెళ్తే చాలావరకు అంతే. కానీ జీడీలో సెలెక్ట్ అయినవాళ్లందరూ ఇన్‌ఫాంట్రీకే వెళ్లరు. ట్యాంకుల దళానికి, ఆర్టిలరీకి, ఇంజినీర్లకు, సిగ్నల్స్‌కు, సరఫరా చూసే ఆర్మీ సర్వీస్ కోర్‌కు కూడా జీడీ నుంచి తీసుకుంటారు. అక్కడ డ్రైవర్, ఆపరేటర్, గన్నర్ లాంటి పనులు ఉంటాయి.

ఆర్టిలరీనే దగ్గరగా చూద్దాం. దాని సెంటర్లలో ఒకటి మన గోల్కొండలోనే ఉంది. ఒక శతఘ్ని పేలాలంటే దాని వెనక ఎంతమంది పని చేస్తారో చాలామందికి తెలియదు. గురి ఇరవై కిలోమీటర్ల అవతల, కొండ వెనక ఉంటుంది. శతఘ్ని దగ్గరున్నవాళ్లకు అది కనబడదు. ముందున్న కొండ మీద నుంచి చూస్తున్న బృందం గురి ఎక్కడుందో రేడియోలో చెబుతుంది. వెనక ఉన్నవాళ్లు దూరం, ఎత్తు, గాలి, ఉష్ణోగ్రత లెక్కలోకి తీసుకుని గొట్టం ఏ దిక్కుకు, ఎంత పైకి ఎత్తాలో తేలుస్తారు. గన్నర్లు ఆ కోణానికి తిప్పి, గుండు ఎక్కించి పేలుస్తారు. మొదటి గుండు ఎక్కడ పడిందో చూసి కొండ మీదివాళ్లు మళ్లీ సవరణ చెబుతారు. ఇంత బరువైన దాన్ని ఘాట్ రోడ్ల మీద లాక్కుపోయేది డ్రైవర్. ఒక్క శతఘ్ని చుట్టూ లెక్క, మాట, కండ, స్టీరింగ్ అన్నింటికీ చోటు ఉంది. ఏది ఎవరికి అన్నది చేరిన కేటగిరీ, సెంటర్‌లో చూపిన నైపుణ్యం, ఖాళీలు కలిసి తేలుస్తాయి.

ఇక్కడ మన పిల్లలకు పనికొచ్చే విషయం ఒకటుంది. జీడీ నోటిఫికేషన్‌లో లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉన్నవాళ్లకు డ్రైవర్ అవసరాల్లో ప్రాధాన్యం ఇస్తామని రాసి ఉంటుంది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ఆయకట్టు ఊళ్లలో పదహారేళ్లకే ట్రాక్టర్ తోలే పిల్లలకు లోటు లేదు. లైసెన్సు మాత్రం తీసుకోరు. 18 నిండగానే పద్ధతిగా కారు నేర్చుకుని లైసెన్సు తీసుకుంటే, అది రేపు ఏ పని అప్పగిస్తారన్న దాని మీద ప్రభావం చూపించగల కాగితం.

జీడీ ఎవరికి సరిపోతుంది? యూనిఫాం, తుపాకీ, బార్డర్ అంటేనే ప్రాణంగా ఉన్నవాళ్లకు. నాలుగేళ్ల తర్వాత కేంద్ర సాయుధ బలగాల్లోకో పోలీసులోకో వెళ్లాలనుకునేవాళ్లకు. బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో, అస్సాం రైఫిల్స్‌లో మాజీ అగ్నివీరులకు 10 శాతం రిజర్వేషన్, వయసు సడలింపు ఇస్తామని 2022లోనే హోంశాఖ ప్రకటించింది. ఆ దారిలో జీడీ అనుభవం నేరుగా పనికొస్తుంది. ఇలా ఆలోచించి జీడీ ఎంచుకున్నవాళ్లను తప్పుపట్టే పనే లేదు. నా బాధంతా ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని ఆలోచించకుండా జీడీ నొక్కేవాళ్ల గురించే.

టెక్నికల్, క్లర్క్, ట్రేడ్స్‌మన్

టెక్నికల్‌లో చేరినవాళ్లు యంత్రాలు, వైర్లు, రేడియోలు, రాడార్ల దగ్గర పనిచేస్తారు. రైఫిల్ నుంచి ట్యాంకు వరకు సైన్యం వాడే ప్రతిదాన్నీ బాగుచేసే ఈఎంఈ కోర్ సెంటర్ సికింద్రాబాద్‌లో ఉంది. వంతెనలు కట్టే, మందుపాతరలు తీసే మద్రాస్ సాపర్ల సెంటర్ బెంగళూరులో, సిగ్నల్స్‌వి జబల్‌పూర్, గోవాలలో. ఇలాంటి చోట నాలుగేళ్లు జనరేటర్లు, బండ్ల ఎలక్ట్రికల్ పని చేసి వచ్చిన యువకుడు దామరచర్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వైపో, మట్టపల్లి, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల వైపో, జడ్చర్ల పోలేపల్లి సెజ్ వైపో ఉద్యోగానికి పోతే చెప్పుకోవడానికి పని ఉంటుంది. ఉద్యోగం గ్యారంటీ అని అనడం లేదు. ఇంటర్వ్యూలో ‘నాలుగేళ్లు ఏం చేశావు’ అన్న ప్రశ్నకు చేత్తో చేసి చూపించగల జవాబు ఉంటుందంటున్నా.

క్లర్క్ పరీక్షలో సగం ప్రశ్నలు ఇంగ్లీషు నుంచే. కంప్యూటర్ ప్రశ్నలూ ఉంటాయి. తర్వాత టైపింగ్ టెస్ట్ కూడా పెట్టారు. కాబట్టి గ్రౌండ్‌కు పోయినట్టే టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌కూ పోవాలి. స్టోర్ కీపర్ పని స్పేర్ పార్టులు, సామాను, లెక్కల పుస్తకాలది. కుదురుగా కూర్చుని ప్రతి వస్తువుకూ లెక్క చూపే స్వభావం ఉంటేనే అది నచ్చుతుంది. శంషాబాద్, కొత్తూరు చుట్టూ ఇప్పుడున్న గోదాములు చూస్తే ఈ పని నేర్చినవాళ్ల అవసరం అర్థమవుతుంది.

ట్రేడ్స్‌మన్ గురించి మాట్లాడాలంటే మన ఊళ్ల గురించి ఒక మాట చెప్పక తప్పదు. వంట, బట్టలుతకడం, క్షవరం, కుట్టుపని, వడ్రంగం, పెయింటింగ్, మెస్ పని, హౌస్ కీపింగ్ లాంటివి ఈ కేటగిరీలో ఉంటాయి. ఊళ్లో వీటిలో చాలా పనులు కులంతో ముడిపడి ఉన్నాయి. అందుకే ఒక ఇంట్లో ‘మా వాడు మిలిటరీల వంట చేస్తడా’ అని చిన్నబుచ్చుకుంటారు. ఇంకో ఇంట్లో అదే పని తరతరాలుగా చేస్తూ వచ్చిన కుర్రాడికి అది పనికిరాదేమో అని సిగ్గుపడతారు. సైన్యం ఈ పోస్టులకు కులం అడగదు. పని వచ్చా రాదా అని ట్రేడ్ టెస్ట్ పెట్టి చూస్తుంది. ట్రేడ్స్‌మన్ కూడా అందరితో పాటు డ్రిల్లు, ఆయుధం ట్రైనింగ్ చేసే సైనికుడే, అదే జీతం, అదే బీమా. సియాచిన్ లాంటి చోట వేడి అన్నం పెట్టే చేతి విలువ అక్కడున్నవాళ్లను అడగాలి.

హైదరాబాద్ హోటల్లో రెండేళ్లు వంట సహాయకుడిగా చేసిన కొల్లాపూర్ కుర్రాడికి, పుణె వలసపోయి వడ్రంగం నేర్చుకున్న మక్తల్ కుర్రాడికి ఈ కేటగిరీ తలెత్తుకుని పోవాల్సిన చోటు. కానీ ఇంటర్‌లో 60 శాతం తెచ్చుకుని, పనేమీ రాకపోయినా కటాఫ్ తక్కువ ఉంటుందని ట్రేడ్స్‌మన్‌కు పోవాలనుకునేవాళ్లు ఆగి ఆలోచించాలి. ఇష్టం లేని పని నాలుగేళ్లు చేయాలి. మధ్యలో నచ్చలేదని వచ్చేయడానికి, అసాధారణ పరిస్థితుల్లో తప్ప, వీలు లేదు.

బైపీసీ వాళ్లకు ఎవరూ చెప్పని దారి

మ్యాథ్స్ లేక టెక్నికల్‌కు, అకౌంట్స్ లేక క్లర్క్‌కు కాకుండా పోయిన బైపీసీ పిల్లలు చివరికి జీడీలో తేలుతారు. వాళ్ల కోసమే ఉన్నట్టుండే నర్సింగ్ అసిస్టెంట్ విభాగం సంగతి చాలామందికి తెలియదు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీష్ ఉండి, మొత్తం 50 శాతం, ఒక్కో సబ్జెక్టులో 40 శాతం ఉండాలి. ఆర్మీ ఆసుపత్రుల్లో, యూనిట్లలో వైద్య సహాయకుల పని. దీన్ని అగ్నివీర్ కింద కాకుండా రెగ్యులర్ నియామకంగా తీసుకుంటున్నారు. అంటే నాలుగేళ్ల గడువు దీనికి లేదు. డీఫార్మసీ, బీఫార్మసీ చేసినవాళ్లకు సిపాయి ఫార్మా అనే ఇంకో రెగ్యులర్ ఎంట్రీ ఉంది. ఖాళీలు తక్కువ, పోటీ గట్టిది. అయినా బైపీసీ చదివి ఆర్మీ అంటున్న ప్రతి పిల్లవాడూ ముందు ఈ నోటిఫికేషన్ చదవాలి.

ఇంకో మాట. సూర్యాపేటలో కర్నల్ సంతోష్ బాబు విగ్రహం దగ్గర ఫొటో దిగి ఆర్మీ కల పెంచుకునే పిల్లలు చాలామంది. 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణాలిచ్చి, మహావీర్ చక్ర పొందిన ఆయన బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్‌ను నడిపిన అధికారి. అధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ)లో చేరి ఆ స్థాయికి ఎదిగారు. ఆ దారి కూడా మన పిల్లలకు తెరిచే ఉంది. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు ఎన్డీఏ పరీక్ష పెడుతుంది. ఆర్మీ విభాగానికి ఇంటర్ ఏ గ్రూపైనా చాలు. ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడే రాయవచ్చు. చదువులో ముందున్న పిల్లవాడు ఒక్కసారైనా ఆ పరీక్ష రాయకుండా నేరుగా ర్యాలీకి పోవడం నాకు నచ్చని విషయం.

ఎత్తు చాలకపోతే

మన ప్రాంతం వాళ్లకు జీడీకి 166 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతారు. 164 ఉన్న పిల్లవాడు తల పట్టుకుని కూర్చుంటాడు. క్లర్క్, స్టోర్ కీపర్‌కు 162 చాలు. నేవీకి 157, ఎయిర్‌ఫోర్స్‌కు 152. ఎయిర్‌ఫోర్స్ అగ్నివీర్ వాయుకు సైన్స్ లేనివాళ్లు కూడా పెట్టవచ్చు, ఇంటర్‌లో మొత్తం 50 శాతం, ఇంగ్లీష్‌లో 50 శాతం ఉంటే చాలు. మన తెలుగు మీడియం పిల్లలకు ఆ ఇంగ్లీష్ మార్కే అడ్డం. పరుగుకు ఆర్మీ కంటే ఎక్కువ సమయం ఇస్తారు, రాతపరీక్ష మాత్రం గట్టిగా ఉంటుంది. అమ్మాయిలకైతే నేవీ, ఎయిర్‌ఫోర్స్ రెండూ తెరిచి ఉన్నాయి.

మెడికల్ గురించి నల్గొండ జిల్లా వాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను, పళ్లను ఏం చేశాయో మనకు తెలుసు. నిటారుగా నిలబడితే మోకాళ్లు రాసుకోవడం, అరికాలు చదునుగా ఉండడం, పళ్ల సమస్యలు, రంగుల చుక్కల్లో అంకె కనిపించకపోవడం లాంటివి మెడికల్‌లో బయటపడతాయి. కోచింగ్‌కు వేలు కట్టే ముందు జిల్లా ఆసుపత్రిలో ఒకసారి చూపించుకుంటే ఏది సాధ్యమో, ఏది కాదో తెలిసిపోతుంది.

డబ్బు లెక్క

ఏ ట్రేడ్‌లో జీతం ఎక్కువ అని అడిగేవాళ్లకు జవాబు: అగ్నివీరులందరికీ ఒకటే ప్యాకేజీ. మొదటి ఏడాది నెలకు 30,000, నాలుగో ఏడాదికి 40,000. అందులో 30 శాతం సేవానిధికి పోతుంది. అంటే చేతికి 21,000తో మొదలై 28,000 వరకు వస్తుంది. సేవానిధికి ప్రభుత్వం కూడా అంతే కలుపుతుంది. నాలుగేళ్లకు వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలని 2022లో లెక్క చెప్పారు, దానికి పన్ను లేదు. పింఛను, గ్రాట్యుటీ, మాజీ సైనికుడి హోదా ఉండవు. 48 లక్షల జీవిత బీమా ఉంటుంది. పదో తరగతితో చేరినవాళ్లకు జాతీయ ఓపెన్ స్కూల్ (ఎన్ఐఓఎస్) ద్వారా ఇంటర్ పూర్తిచేసే ఏర్పాటు, ఇగ్నో డిగ్రీలో సైన్యంలో నేర్చిన పనికి సగం క్రెడిట్లు ఉన్నాయి. డబ్బు అందరికీ సమానం కాబట్టి, ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సింది పని గురించే.

సెంటర్‌లో అడిగినప్పుడు నోరు విప్పాలి

మూడో మెట్టు సైన్యం చేతిలో ఉందన్నాను. అలాగని మనం చేయగలిగింది ఏమీ లేదని కాదు. ట్రైనింగ్ సెంటర్‌లో చదువు, లైసెన్సు, ఆటలు, వచ్చిన పనులు అన్నీ అడుగుతారు, పరీక్షలు పెడతారు. అక్కడ మాట్లాడేది హిందీలో. నారాయణపేట, మహబూబ్‌నగర్ పిల్లలు చుట్టుపక్కల ఉర్దూ వింటూ పెరుగుతారు కాబట్టి ఎలాగో నెట్టుకొస్తారు. నాగర్‌కర్నూల్ లోపలి ఊళ్ల నుంచి, సాగర్ వైపు నుంచి వెళ్లినవాళ్లు తప్పు మాట్లాడతామేమోనని మౌనంగా ఉండిపోతారు. బండి తోలడం వచ్చినా చెప్పరు, మోటారు వైండింగ్ వచ్చినా చెప్పరు. చెప్పనిది ఎవరికీ తెలియదు. రాతపరీక్షకు చదువుతూనే రోజూ అరగంట హిందీ మాట్లాడడం అలవాటు చేసుకోవాలి. ‘నాకు ఈ పని వచ్చు, ఇన్నేళ్లు చేశాను, ఇదిగో కాగితం’ అనే మూడు ముక్కలు తడబడకుండా చెప్పగలిగితే చాలు. అన్ని సర్టిఫికెట్ల జిరాక్సులు వెంట ఉండాలి. ఒరిజినల్స్ ఏ అకాడమీ దగ్గరా పెట్టొద్దు.

ఇంకా సందేహాలు ఉంటే అడగడానికి మంచి మనుషులు మన దగ్గరే ఉన్నారు. 2022 అక్టోబర్‌లో సూర్యాపేటలో అగ్నివీర్ ర్యాలీ జరిగింది. మొదటి బ్యాచ్‌ల వాళ్లు ఆ ఏడాది చివర, 2023 మొదట్లో సెంటర్లకు వెళ్లారు. వాళ్ల నాలుగేళ్లు 2026 చివరి నుంచి పూర్తవుతూ వస్తాయి. వాళ్లలో ఎవరైనా మీ మండలంలో ఉంటే, సెలవులో వచ్చినప్పుడో సర్వీసు ముగించుకుని వచ్చాకో వెళ్లి కలవండి. ఏ కేటగిరీకి ఫారం నింపావన్నా, సెంటర్‌లో ఏ పని ఇచ్చారు, మళ్లీ నింపాలంటే అదే పెడతావా అని అడగండి. జీడీ నుంచి ఒకరిని, టెక్నికల్ నుంచి ఒకరిని, ట్రేడ్స్‌మన్ నుంచి ఒకరిని కలిశాకే నెట్ సెంటర్‌కు వెళ్లండి.